చంకలో చంటిది... ఎదురుగా బేస్‌బాల్!

"అయిదు నెలల పిల్లని తీసుకుని ఆటకా? అదీ నలభై వేల మంది మధ్యకా?"

ఈ మాటన్నది మా చెల్లెలి అత్తగారు అనుకునేరు! కాదు. ఆవిడ ఎక్కడ అంటారోనని నేను బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. తీరా చూస్తే అది నా నోట్లోంచే ఊడిపడింది. ఆవిడేమో తాపీగా చిక్కుడుకాయలు వలుస్తూ, "అక్కడ ఏసీ ఉంటుందా నాయనా?" అని కొడుకుని అడుగుతున్నారు.

ఇది 2024 జూలై మాట. మా చెల్లెలుండేది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమందంటే, సాయంత్రం వాకింగ్‌కి వెళితే కనీసం ముగ్గురు 'ఏ ఊరండీ?' అని అడుగుతారు. ఫిబ్రవరిలో దానికి పాప పుట్టింది. పురుడు పొయ్యడానికి వెళ్లాల్సిన మా అమ్మ మోకాళ్ల ఆపరేషన్‌తో మంచమెక్కింది. అందుకని ముందు వాళ్లత్తగారు వెళ్లారు. జూన్‌లో ఏలూరులో ఇల్లూ పిల్లల్నీ మావారికి అప్పగించి ఆరువారాలకని నేను వెళ్లాను.

వెళ్లేసరికి ఇంట్లో అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. పాప ముద్దుగా, బొద్దుగా ఉంది. నూనె మర్దనా, స్నానం, సాంబ్రాణి... సాంబ్రాణి అంటే గుర్తొచ్చింది, మొదటిరోజు అత్తయ్యగారు పొగ వేస్తే ఇంట్లోని పొగ అలారం గీపెట్టి పక్కవాటాల వాళ్లంతా బయటికొచ్చారట! అప్పట్నించీ వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను కింద నిలబడి పిల్లకి పొగ వేస్తున్నారు. సరే, అది వేరే కథ.

చెల్లెలే బాగాలేదు.

చిన్నప్పుడు అది నవ్వితే పక్కింటికి వినపడేది. "ఆడపిల్లవి, కాస్త నెమ్మదిగా నవ్వవే" అని మా నాయనమ్మ కేకలేసేది. అలాంటి పిల్ల నేను విమానాశ్రయంలో కనపడగానే పెదవులు సాగదీసి ఊరుకుంది. పాలిస్తుంది, డైపర్ మారుస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. మిగతా టైమంతా కిటికీలోంచి కార్ల పార్కింగ్ చూస్తూ కూర్చుంటుంది. ఒకరోజు బాత్‌రూమ్‌లో షవర్ విప్పి అరగంటయినా రాకపోతే తలుపు తట్టాను. తల తడవలేదు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

ఉద్యోగం కూడా వదిలేసింది. అక్కడ 1993లో వచ్చిన చట్టం ప్రకారం కాన్పుకి 12 వారాల సెలవు ఇస్తారు గానీ, జీతమివ్వాలని లేదు. మన దగ్గర 2017లో చట్టం సవరించాక సంఘటిత రంగంలో పనిచేసే ఆడవాళ్లకి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు, జీతంతో సహా వస్తోంది. (మనకంటే వాళ్లు అన్నిట్లోనూ ముందున్నారనుకుంటాం కదూ!) 12 వారాలు అయిపోయేసరికి పిల్లని వదల్లేక రాజీనామా రాసిచ్చిందట. ఆ సంగతి మా ఎవరికీ చెప్పనేలేదు.

పాపకి నాలుగో నెల టీకాలకి వెళ్లినప్పుడు పిల్లల డాక్టరు దగ్గర తల్లికి ఒక కాగితం ఇచ్చారు. అందులో పది ప్రశ్నలుంటాయి. 1987లో స్కాట్లాండులో తయారైన పత్రం అది. ఎడిన్‌బరో స్కేలు అంటారు. కిందటి ఏడు రోజుల్లో నీ మనసెలా ఉంది అని నెమ్మదిగా ఆరా తీస్తుంది. మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? నవ్వు గురించి! నవ్వొచ్చే సంగతులకి మునుపటిలా నవ్వగలుగుతున్నావా అని. జవాబుకి నాలుగు గడులు. మా చెల్లెలు మూడోదాంట్లో టిక్కు పెట్టింది. అంటే బాగా తగ్గిపోయిందని.

కాన్పయిన మొదటి రెండు వారాలు ఊరికే కన్నీళ్లు రావడం చాలామందికి ఉండేదే, దానంతటదే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం డాక్టరుకి చెప్పి తీరాలని ఆవిడ చెప్పారు. కౌన్సెలింగ్‌కి పంపారు. వారానికోసారి వెళ్లడం మొదలెట్టింది.

"మా రోజుల్లోనూ ఉండేదమ్మాయ్ ఇది. పేరే లేదు. బాలింత దిగులుగా ఉందంటే గాలి సోకిందనేవాళ్లు" అన్నారు అత్తయ్యగారు ఆ రాత్రి. అంతకుమించి ఏమీ అనలేదు. మర్నాటి నుంచి తెల్లవారుజామున పాప లేస్తే ఆవిడే ఎత్తుకుని హాల్లోకి వెళ్లిపోయేవారు, కోడలు ఇంకో గంట పడుకోవాలని.

ఇదిగో, అటువంటి రోజుల్లో మా మరిదికి ఆఫీసులో నాలుగు టిక్కెట్లొచ్చాయి. పక్కనే ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ జట్టు బేస్‌బాల్ ఆట. ముందు అత్తయ్యగారు పెదవి విరిచారు. ఆవిడది క్రికెట్ ప్రాణం. రేడియోలో కామెంటరీ వింటూ పప్పు రుబ్బిన మనిషి! జూన్‌లో టి20 ప్రపంచ కప్పులో అమెరికా జట్టు పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించిందే, ఆ మ్యాచ్ జరిగింది వీళ్ల ఊరి పక్కనే, గ్రాండ్ ప్రెయిరీలో. ఇంత దగ్గరుండీ టీవీలో చూడాల్సి వచ్చిందని ఆవిడకి కోపం. "ఆ క్రికెట్ గ్రౌండు కూడా ముందు బేస్‌బాల్ గ్రౌండేనమ్మా, 2023లో క్రికెట్‌కి మార్చారు" అని మా మరిది నచ్చజెప్పాక మెత్తబడ్డారు.

అందరూ ఒప్పుకున్నాక అడ్డు తగిలింది నేనే. ఎండ, జనం, హోరు, దిష్టి... నాకు తోచినవన్నీ ఏకరువు పెట్టాను. చెల్లెలు ఏమీ అనలేదు. "సరేలే అక్కా, వద్దులే" అని మళ్లీ కిటికీ దగ్గరికి పోయి కూర్చుంది.

ఆ 'వద్దులే' నాకు తెలుసు. పద్నాలుగేళ్ల క్రితం మా పెద్దవాడికి సరిగ్గా అయిదో నెల. ఎన్నాళ్లకో సినిమాకి వెళదామని చీర కట్టుకుని, పిల్లాణ్ణి ఎత్తుకుని వీధి గుమ్మం దిగాం. ఎదురింటావిడ "పసిగుడ్డుతో సినిమాకా? హవ్వ!" అంది. అంతే, వెనక్కి తిరిగాం. "వద్దులెండి" అని మావారితో అన్నది నేనే. ఆ చీర విప్పి మడత పెడుతుంటే ఎంత ఏడుపొచ్చిందో! అప్పటి ఎదురింటావిడ ఇప్పుడు నాలోనే కూర్చుందన్నమాట.

లేచి వెళ్లి పాప సంచీ సర్దడం మొదలుపెట్టాను.

అయితే భయాలన్నీ వట్టివేం కాదు లెండి. ఎండ సంగతి మొదట తేలిపోయింది. అక్కడి పాత మైదానం 1994 నుంచి పాతికేళ్లపాటు ఆరుబయలుగానే ఉండేదట. టెక్సస్ ఎండలకి తట్టుకోలేక, తెరిచి మూసుకునే పైకప్పుతో 2020లో కొత్తది కట్టారు. దాని పేరు గ్లోబ్ లైఫ్ ఫీల్డ్. బయట రోడ్డు మీద పెనం పెట్టినట్టుంది గానీ లోపల చల్లగా ఉంది.

అసలు భయం బంతి. బ్యాటుకి తగిలి పక్కలకి ఎగిరే ఫౌల్ బంతి తూటాలా వస్తుంది. 2019 మేలో ఇదే టెక్సస్‌లో, హ్యూస్టన్‌లో, అలాంటి బంతి తగిలి రెండేళ్ల పాప తల ఎముక చిట్లింది. ఆ బంతి కొట్టిన ఆటగాడు అక్కడే మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. ఆ ఏడాది చివర్లోనే, 2020 నుంచి 30 జట్ల మైదానాల్లోనూ వలలు ఇంకా దూరం పొడిగిస్తామని ప్రకటించారు. ఇది చదివాక మా మరిది తన టిక్కెట్లు ఎవరో స్నేహితుడితో మార్చుకుని పై అంతస్తులో, వరస చివర, మెట్ల పక్కన సీట్లు సంపాదించాడు. పసిపిల్లలతో వెళ్లేవాళ్లు కిందకి, మరీ వల లేని చోటుకి, ఆశపడకూడదు. ఆట కాస్త చిన్నగా కనపడితేనేం?

పాప చెవులకి పెద్ద డిప్పల్లాంటి రక్షణ తొడుగులు పెట్టాం. బుగ్గన దిష్టిచుక్క, అరికాలికో చుక్క, చెవులకి గులాబీ రంగు డిప్పలు... చూసినవాళ్లంతా నవ్వుతూ చెయ్యూపడమే! ఇక అత్తయ్యగారు చేసిన పులిహోర. పైకి కనిపించే ప్లాస్టిక్ సంచీలో పెట్టుకొస్తే లోపలికి రానిచ్చారు. అక్కడ అమ్మేవాటిల్లో రెండడుగుల పొడవు హాట్ డాగ్ ఒకటుంది. ఒక కుటుంబం దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా మోసుకుపోతుంటే అత్తయ్యగారు తిరిగి తిరిగి చూశారు.

ఆట గురించి చెప్పొద్దూ? బౌలరు లాంటివాణ్ణి పిచర్ అంటారు. 60 అడుగుల 6 అంగుళాల దూరంలో మట్టి దిబ్బ మీద నిలబడి, నేలకి తగలకుండా నేరుగా విసురుతాడు. బ్యాటు మన రోకలి లాగా గుండ్రంగా ఉంటుంది. కొట్టాక దాన్ని అక్కడే పారేసి పరుగెత్తాలి. క్రికెట్‌లోలా వెనక్కీ పక్కలకీ కొడతానంటే కుదరదు, ఎదురుగా ఉన్న లంబకోణంలోనే కొట్టాలి. 90 అడుగులకొకటి చొప్పున మూడు మజిలీలు తాకి మళ్లీ ఇంటికొస్తే ఒక పరుగు. మొదలెట్టిన చోటిని వాళ్లు 'హోమ్' అనే అంటారు. ఎంత తిరిగినా ఇల్లు చేరితేనే లెక్క! ముగ్గురు అవుటవగానే అవతలివాళ్ల వంతు. ఇలా తొమ్మిదిసార్లు.

"చేతికి అంత లావు తొడుగేసుకుని పట్టుకోవడం ఏం గొప్ప? మావాళ్లు వట్టి చేతుల్తో పడతారు" అని అత్తయ్యగారు మొదటి అరగంట ఎద్దేవా చేశారు. ఒకడు పిచర్ చూడకుండా మొదటి మజిలీ నుంచి రెండోదానికి జారిపోతే జనం గోల గోలగా అరిచారు. దాన్ని 'స్టీలింగ్' అంటారని మరిది చెప్పాడు. "దొంగతనానికి చప్పట్లా? బాగుంది సంబడం!" అన్నారు. అన్నారే గానీ, రెండోసారి ఎవడో దొంగతనం చెయ్యబోతుంటే "పో నాయనా, పో! చూడ్డంలేదు వాడు!" అని లేచి నిలబడ్డది ఆవిడే.

నా పక్క సీటులో డెబ్భై దాటిన అమెరికన్ పెద్దావిడ, ఒక్కర్తే, ఒళ్లో పుస్తకం పెట్టుకుని పెన్సిలుతో ఏదో రాసుకుంటోంది. ప్రతి బంతినీ లెక్క రాస్తోందట! బ్యాటర్ మూడు స్ట్రైకులతో అవుటయితే 'కె' అక్షరం. బ్యాటు ఊపకుండా చూస్తూ నిలబడి అవుటయితే అదే అక్షరం తిరగేసి. మన పాలవాడి లెక్క, చాకలి పద్దులా ఎంత ముచ్చటగా ఉందో! బంతి మీది కుట్లు 108 అని ఆవిడే చెప్పింది. ఎర్రదారంతో చేత్తోనే కుడతారు, మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో. అష్టోత్తరమన్నమాట! అత్తయ్యగారికి చెప్తే బంతి మీద గౌరవం అమాంతం పెరిగిపోయింది.

నాలుగో ఇన్నింగ్స్‌లో పాప గుక్కపట్టింది. ఆకలి. "పద, పాలిచ్చే గది ఎక్కడుందో వెతుకుదాం" అని లేచాను. 2015లో సిన్సినాటి రెడ్స్ జట్టువాళ్లు తమ మైదానంలో తల్లుల కోసం ఒక గది కట్టిన సంగతి చదివి ఉన్నాను. చెల్లెలు కదల్లేదు. "ఇక్కడే ఇస్తానక్కా. నాకు ఆట చూడాలనుంది" అంది.

నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఇంతమందిలోనా! అక్కడ ఆ హక్కు చట్టంలోనే ఉంది, 2018 నాటికి 50 రాష్ట్రాల్లోనూ వచ్చేసింది. చట్టం ఉంటే మాత్రం నా మొహమాటం ఎక్కడికి పోతుంది? అత్తయ్యగారు ఏమీ మాట్లాడకుండా భుజాన ఉన్న నేత కండువా తీసి కోడలి మీద కప్పి, తను ఓ సీటు ఇవతలికి జరిగి కూర్చున్నారు. పెద్దావిడ తల కూడా తిప్పలేదు, పెన్సిలు పని పెన్సిలుది. ఎవరికీ ఏమీ పట్టలేదు. నేనొక్కదాన్నే చుట్టూ చూస్తూ కాపలా కాశాను, ఏదో దొంగసొత్తు దాస్తున్నట్టు.

'చాలాకాలానికి నాకు ఏదో చూడాలనుంది అన్నదే' అన్న సంగతి నాకు తట్టడానికి పావుగంట పట్టింది.

ఆరో ఇన్నింగ్స్‌లో ఇంకో ఘట్టం. డైపర్ దాటి, గౌను దాటి, మా మరిది ప్యాంటు దాకా... పిల్లలున్న తల్లులకి వివరించక్కర్లేదు. మార్చడానికి తెచ్చిన రెండు జతలూ అప్పటికే అయిపోయాయి. సంచీ సర్దింది నేనే, ఆ తప్పు నాదే. మరిది పరుగెత్తుకెళ్లి కొట్లో దొరికిన టీషర్టు కొనుక్కొచ్చాడు. చంటిపిల్లల సైజు ఆ హడావుడిలో కనపడలేదో ఏమో, పదేళ్ల పిల్లాడిది తెచ్చాడు. అందులో పాపని పొట్లంలా చుట్టాం.

ఇక ఏడో ఇన్నింగ్స్.

ఆట మొదట్లో జాతీయగీతం పాడితే అందరూ లేచి, గుండెమీద చెయ్యి వేసుకున్నారు. అత్తయ్యగారు కూడా పమిట సర్దుకుని, చెయ్యి వేసుకుని బుద్ధిగా నిలబడ్డారు. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో మళ్లీ మైదానమంతా లేచింది, పాట మొదలైంది. ఆవిడ తటాలున లేచి, చెయ్యి గుండెమీద పెట్టుకుని, కళ్లు సగం మూసి కొయ్యబొమ్మలా నిలబడ్డారు. చుట్టూ జనం ఊగుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు, వేళ్లు చూపించి లెక్కపెడుతున్నారు. ఈవిడ మాత్రం అటెన్షన్! ఒక కన్ను తెరిచి, "ఇదేంటే అమ్మాయ్, వీళ్లకి దేశభక్తి ఇలా ఉంటుందా?" అన్నారు.

అప్పుడు నవ్వింది మా చెల్లెలు.

మామూలుగా కాదు. పాపని నా చేతుల్లో పెట్టేసి, సీటు పట్టుకుని వంగిపోయి, కళ్లనీళ్లు కారేలా, కిందటి జన్మలో విన్నట్టున్న ఆ పాత నవ్వు. ముందు వరస వాళ్లు వెనక్కి తిరిగి, కారణం తెలియకుండానే వాళ్లూ నవ్వారు. అత్తయ్యగారు కోపం తెచ్చుకోబోయి, కోడల్ని చూసి ఆగిపోయారు. చెయ్యి మాత్రం గుండెమీంచి తియ్యలేదు. పాట అయిపోయేదాకా అలాగే నిలబడ్డారు. మొదటిసారి తెలియక పెట్టుకున్నారేమో గానీ, తర్వాతంతా తెలిసే నిలబడ్డారని నా అనుమానం. అడిగితే ఒప్పుకోరు.

అది లేచి ఒళ్లు విరుచుకోవడానికి పాడే పాట అట. పెద్దావిడ చెప్పింది. నన్ను బాల్ గేమ్‌కి తీసుకెళ్లు అని అర్థం వచ్చే పాట, 1908లో రాశారు. అందరూ పల్లవే పాడతారు. చరణంలో ఓ కథ ఉంది. కేటీ కేసీ అనే అమ్మాయికి బేస్‌బాల్ పిచ్చి. ప్రియుడొచ్చి ఏదైనా ప్రదర్శనకి వెళదామా అంటే, అదేమీ వద్దు, ఆటకి తీసుకెళ్లు అంటుంది! మగవాళ్ల ఆట అనుకునేదానికి గుర్తింపు పాట ఒక ఆడపిల్ల కోరికన్నమాట. ఇందులో ఇంకో తమాషా, దాన్ని రాసినాయన అప్పటికి ఒక్క పెద్ద ఆట కూడా చూడలేదట.

ఆట రెండున్నర గంటలు దాటకుండా అయిపోయింది. మునుపు మూడు గంటల పైమాటేనట. 2023 నుంచి పిచర్‌కి గడియారం పెట్టారు, మజిలీల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వెయ్యాల్సిందే. దాంతో సగటు ఆట 3 గంటల 4 నిమిషాల నుంచి 2 గంటల 40 నిమిషాలకి దిగింది. చంటిపిల్లల తల్లుల తరఫున ఆ గడియారానికి ఒక నమస్కారం. మనవాళ్లు, అంటే రేంజర్స్, ఓడిపోయారు. 2023లోనే మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు కదా అని అత్తయ్యగారు నొచ్చుకున్నారు. పెద్దావిడ లేచేముందు ఆ రోజు పేజీ జాగ్రత్తగా చింపి, పైన తేదీ వేసి, పాప గుప్పిట్లో పెట్టింది. తననీ వాళ్లమ్మ ఇలాగే చంకనేసుకుని ఆటకి తీసుకెళ్లేదట.

ఆ రాత్రి పాపని ఊపుతూ ఇద్దరం 'ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్' అనే 1992 నాటి సినిమా చూశాం. యుద్ధకాలంలో 1943లో మొదలై 1954 దాకా నడిచిన ఆడవాళ్ల బేస్‌బాల్ లీగ్ కథ. ఆడేవాళ్లకి స్కర్టులు వేసి, ఎలా కూర్చోవాలో ఎలా నవ్వాలో తరగతులు పెట్టేవారట! మా నాయనమ్మ అక్కడా ఉందన్నమాట. ఆ లీగ్‌లో 1945లో బ్యాటింగ్‌లో మొదటి స్థానం తెచ్చుకున్న హెలెన్ కాలహన్ ఆ తర్వాత అయిదుగురు మగపిల్లల తల్లి. వాళ్లలో ఒకతను, కేసీ కాండేల్, పెద్ద లీగుల్లో ఆడాడు. ఇంకో కొడుకు తల్లి మీద తీసిన డాక్యుమెంటరీయే ఈ సినిమాకి మూలమట. "చూశావా, ఎవరో ఒకరు ఆవిణ్ణి అడిగారు, అమ్మా నువ్వేం చేసేదానివీ అని" అంది చెల్లెలు. అని చాలాసేపు మాట్లాడలేదు. కిటికీ వైపు మాత్రం చూడలేదు.

ఒక్క ఆటతో అంతా సర్దుకుందని చెబితే అబద్ధమవుతుంది. మర్నాడు మళ్లీ దిగులుగానే ఉంది. కౌన్సెలింగ్ మానలేదు, మాననివ్వలేదు కూడా. నేను వచ్చేసే రోజున ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ పెన్సిలు పేజీ అత్తయ్యగారి పంచాంగంలో భద్రంగా ఉంది.

ఆగస్టులో పాపకి ఆరో నెల టీకాలకి వెళ్లొచ్చి ఫోను చేసింది. పాప బరువు, పొడవు, రాబోయే పళ్లు, అన్నీ చెప్పింది. వెనక నుంచి అత్తయ్యగారు టీవీ చూస్తూ ఎవరినో "కొట్టాక పరిగెత్తవేంరా!" అని తిడుతున్నారు.

"ఆ పది ప్రశ్నల కాగితం మళ్లీ ఇచ్చారక్కా" అంది.

"ఊఁ?"

"మొదటిదానికి ఈసారి రెండో గడిలో పెట్టాను."